పులికాట్ అడుగున పచ్చిక బయలు

పులికాట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లెమింగోలే. దూరం నుంచి వాటిని చూస్తాం, ఫొటోలు తీసుకుంటాం, వచ్చేస్తాం. కానీ ఆ సరస్సు అసలు కథ నీటి అడుగున ఉంది... జానెడు ఎత్తు కూడా ఎదగని ఓ గడ్డిలో! ఆ గడ్డి బతికితే రొయ్య బతుకుతుంది. రొయ్య బతికితే కుప్పం బతుకుతుంది. మరి ఆ గడ్డి బతకాలంటే?

జనవరి వచ్చిందంటే సూళ్లూరుపేట-శ్రీహరికోట రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. రోడ్డుకు రెండు వైపులా నీళ్ళే. ఆ నీళ్ళలో పొడవాటి కాళ్ళతో, వంపు తిరిగిన ముక్కుతో వందల కొద్దీ ఫ్లెమింగోలు. పిల్లలు బైనాక్యులర్ల కోసం కొట్లాడుకుంటారు. పెద్దవాళ్ళు సెల్‌ఫోన్లతో ఫొటోలు తీస్తుంటారు. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ ఈ పక్షులకు రాష్ట్రమంతటా పేరు తెచ్చిపెట్టింది. కొన్నేళ్ళు ఆగిపోయిన ఆ పండగ 2025 జనవరిలో మళ్ళీ జరిగింది.

ఇంత సందడిలో ఒక చిన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఆ పక్షులు తల నీళ్ళలో ముంచి అంతసేపు ఏం వెతుకుతున్నాయి?

వాటి ముక్కు ఒక జల్లెడ. కాళ్ళతో బురదను కదిపి, ఆ నీటిని నోటిలోకి తీసుకుని వడకడతాయి. చిన్న చిన్న రొయ్యజాతి జీవులు, పురుగులు, నాచు, నీటిమొక్కల గింజలు... జల్లెడలో ఏది మిగిలితే అదే భోజనం. వాటి గులాబీ రంగు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. నాచులో, నాచు తిని బతికే జీవుల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే పదార్థాల వల్ల ఆ రంగు వస్తుంది. క్యారెట్‌కు రంగునిచ్చేదీ ఆ జాతి పదార్థమే. అంటే మనం మురిసిపోయే ఆ గులాబీ రంగు నీటి అడుగు నుంచి వచ్చిందన్నమాట!

మోకాలి లోతు సముద్రం

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సుగా పులికాట్‌కు పేరు. పొడవు 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విస్తీర్ణం 450 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. ప్రళయకావేరి అని దీనికి పాత పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. కాగితం మీద జిల్లా మారినా, ఇది తరతరాలుగా నెల్లూరు తీరమే.

పేరులో ప్రళయం ఉన్నా లోతులో మాత్రం ఈ సరస్సు చాలా సాధువు. సగటు లోతు ఒక మీటరు. చాలాచోట్ల మోకాలి లోతే. పడవను తెడ్డుతో కంటే గడతో నెట్టడమే సులువు. సముద్రానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి ఉంటుంది. ఆ గోడకు అక్కడక్కడా ఉన్న గుమ్మాలే ముఖద్వారాలు. దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఒకటి, మనవైపు రాయదొరువు దగ్గర ఇంకొకటి, ఉత్తరాన కొండూరు వైపు మరొకటి. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు ఈ గుమ్మాల గుండా లోపలికి వస్తుంది. పాటు వేళ వెనక్కి పోతుంది. మరోపక్క ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదులు మంచినీటిని మోసుకొస్తాయి.

ఉప్పునీరు, మంచినీరు కలిసే ఈ మోకాలి లోతు నీటికి ఒక గొప్ప వరం ఉంది. ఎండ అడుగుదాకా దిగుతుంది. ఎండ ఉన్నచోట పచ్చదనం ఉంటుంది కదా!

నాచు వేరు... గడ్డి వేరు

నీటి అడుగున పచ్చగా కనిపించేదాన్నంతా మనం నాచు, పాచి అనేస్తాం. కానీ అందులో రెండు వేర్వేరు కుటుంబాలున్నాయి.

మొదటిది నాచు. దీనికి నిజమైన వేళ్ళుండవు, పూలు పూయవు. పులికాట్‌లో దారాల్లా అల్లుకుపోయే ఆకుపచ్చ నాచులున్నాయి. గ్రాసిలేరియా అనే ఎర్ర నాచూ ఉంది. అగర్ అనే జిగురు పదార్థాన్ని తీసేది ఈ జాతి నాచు నుంచే. జెల్లీ మిఠాయిలు గట్టిపడటానికీ, లేబొరేటరీల్లో సూక్ష్మజీవులను పెంచడానికీ దాన్ని వాడతారు.

రెండోది సముద్రపు గడ్డి. ఇది నాచు కాదు, అచ్చమైన మొక్క. దీనికి వేళ్ళుంటాయి. బురదలో పాకే కాండం ఉంటుంది. నీళ్ళలోనే పూలు పూస్తుంది, గింజలు కాస్తుంది. దీని పూర్వీకులు ఒకప్పుడు నేల మీద బతికిన మొక్కలే. కోట్ల ఏళ్ళ కిందట మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయాయి. పులికాట్‌లో కనిపించే హాలోఫిలా ఆ జాతిదే. ఆ పేరుకు అర్థం ఉప్పును ప్రేమించేదని. బురదను అంటిపెట్టుకుని చిన్న చిన్న ఆకులతో ఉంటుంది. దీనికి తోడు రుప్పియా అనే సన్నటి పోచల మొక్క కూడా ఉంది. మొండితనానికి రుప్పియా పెట్టింది పేరు. నీరు దాదాపు తియ్యగా ఉన్నా, సముద్రాన్ని మించి ఉప్పగా ఉన్నా సర్దుకుపోతుంది. నీళ్ళు ఎండిపోతే గింజ రూపంలో బురదలో నిద్రపోతుంది. మళ్ళీ వాన పడితే లేస్తుంది.

ఈ గడ్డి చేసే పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వేళ్ళతో బురదను పట్టి ఉంచి నీటిని తేటగా ఉంచుతుంది. తేట నీటిలో ఎండ ఇంకా బాగా దిగుతుంది. దాంతో గడ్డి ఇంకా బాగా పెరుగుతుంది. పగలంతా నీటికి ఆక్సిజన్ అందిస్తుంది. గాలిలోంచి నీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువును తీసుకుని కొంత బురదలోనే పాతిపెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం... రొయ్యపిల్లకూ చేపపిల్లకూ ఉయ్యాలా, దాగుడుమూతల చోటూ రెండూ ఇదే. పెద్ద చేపల నోటి నుంచి తప్పించుకోవాలంటే బోసి బురదలో దారి లేదు. గడ్డి దుబ్బుల్లో ఉంది.

మేనమామ ఇంట్లో పెరిగే పండుగప్ప

ఈ పచ్చికకూ మన కంచానికీ ఉన్న సంబంధం తెలియాలంటే పండుగప్ప కథ వినాలి. తమిళ సరిహద్దు వైపు దీన్ని కొడువా అంటారు. తెల్లటి కండ, తక్కువ ముళ్ళు. నిజంగానే పండగ రోజు వండుకోవాల్సిన చేప.

పండుగప్ప పుట్టేది సముద్రపు అంచున, ముఖద్వారాల దగ్గర. ఆ గుడ్లు పొదగాలంటే ఉప్పునీరే కావాలి. కానీ పిల్లలు అక్కడ ఉండవు. పోటు నీటితో గుమ్మం దాటి లోపలికి వచ్చేస్తాయి. పుట్టింది అమ్మ ఒడిలో, పెరిగింది మేనమామ ఇంట్లో అన్నట్టు, పచ్చికా చిన్న రొయ్యలూ ఉన్న మోకాలి లోతు నీటిలో పెరిగి పెద్దవవుతాయి. ఇంకో వింత కూడా ఉంది. ఈ చేపలు మొదట మగవిగా ఎదుగుతాయి. కొన్నేళ్ళకు, బాగా పెద్దయ్యాక ఆడవిగా మారిపోతాయి! అప్పుడు గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రం అంచుకే పోవాలి. పురిటికి పుట్టింటికి వెళ్ళినట్టే.

అంటే పండుగప్ప జీవితంలో గుమ్మం రెండుసార్లు తెరిచి ఉండాలి. వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి. మధ్యలో లోపల పచ్చిక ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా ఆ వంశం ఆగిపోతుంది.

రొయ్యలదీ ఇంచుమించు ఇదే కథ. సముద్రంలో పుట్టి, లోపల పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. పాచి తిని బతికే మడవలు, పాలచేపలు, పేరున్న పులికాట్ ఎండ్రకాయలు... అన్నీ ఏదో ఒక దశలో ఈ గడ్డి మీద, బురద మీద ఆధారపడేవే. వాటి మీద ఆధారపడి పట్టపు కులస్థుల కుప్పాలున్నాయి, యానాదుల గూడేలున్నాయి. పడవా వలా కొనలేని యానాది ఆడవాళ్ళు నడుము లోతు నీళ్ళలో దిగి, బురదను చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు. అడుగున గడ్డి ఉందో, వట్టి బురద ఉందో వాళ్ళ వేళ్ళకు తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు.

ఏడాదికి మూడు వేషాలు

పులికాట్ అడుగు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నదులు నిండి సరస్సులోకి దూకుతాయి. నీరు దాదాపు తియ్యబడుతుంది. 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను తెచ్చిన వానల్లాంటివి వస్తే చెప్పనే అక్కర్లేదు. అప్పుడు నీటి నిండా ఒండ్రు. ఎండ అడుగుకు దిగదు. గడ్డి ఓపిక పట్టాలి.

జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఒండ్రు అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. ఉప్పు మెల్లగా పెరుగుతుంది. ఎండ హాయిగా ఉంటుంది. గడ్డికీ నాచుకూ ఇదే పెరిగే అదను. ఫ్లెమింగోలు, గూడబాతులు మందలుగా ఉండేదీ ఇప్పుడే.

ఏప్రిల్, మే నెలల్లో మూడో వేషం. నదులు ఎండిపోతాయి. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వేసవిలో పులికాట్‌లో కొన్నిచోట్ల అది 50 గ్రాములు దాటుతుంది. ఉత్తర భాగంలో చాలాచోట్ల నీరే ఉండదు. నెర్రెలు విచ్చిన నేల, దానిమీద తెల్లటి ఉప్పు పొర. జనవరిలో పడవ నడిచిన చోట మేలో పశువులు నడుస్తాయి.

ఈ మూడు వేషాలూ పులికాట్‌కు కొత్తవి కావు. గడ్డి కూడా వీటికి అలవాటు పడిందే. చిక్కంతా మూడో వేషం ఎక్కువ కాలం, ఎక్కువ మేర సాగడంతోనే వచ్చింది.

మూసుకుపోతున్న గుమ్మాలు

వేసవిలో ఆవిరైన నీటికి బదులు సముద్రం నుంచి నీరు రావాలి. అది రావాల్సిన గుమ్మాలు ఇసుకతో పూడిపోయాయి. మన తీరం వెంట అలలు ఇసుకను ఏడాదంతా అటూ ఇటూ మోస్తూనే ఉంటాయి. ఆ ఇసుక ముఖద్వారం ముందు మేట వేస్తుంది. పూర్వం నదుల వరద ఆ మేటను బయటికి తోసేసేది. ఎగువన నీటిని ఆపుకోవడం పెరిగేకొద్దీ, వానలు సరిగా పడని ఏళ్ళలో ఆ తోపు తగ్గిపోయింది. రాయదొరువు, కొండూరు ముఖద్వారాలు పూడిపోయి కుప్పాలవాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. 2023లో రాయదొరువు వద్ద పూడికతీత పనులకు శంకుస్థాపన కూడా జరిగింది.

ఇంకో అడ్డంకి మనం ఫ్లెమింగోలను చూడటానికి నిలబడే రోడ్డే! 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ కేంద్రం కోసం సరస్సు మధ్యగా కట్ట పోసి రోడ్డు వేశారు. దేశానికి ఆ రోడ్డు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. కానీ కట్ట కట్టే. అటు నీరు ఇటు, ఇటు నీరు అటు స్వేచ్ఛగా పారే వీల్లేకుండా పోయింది. తూములున్నా, సరస్సంత వెడల్పు నీటికి అవి సన్నటి గొంతులే. కట్టకు ఉత్తరాన ఉన్న నీరు త్వరగా ఎండిపోవడానికి, అడుగు మేటవేయడానికి ఇదీ ఒక కారణం.

నీరు లేనిచోట సముద్రపు గడ్డి బతకదు. రుప్పియా గింజలు కొన్నాళ్ళు నిద్రపోగలవు కానీ హాలోఫిలా లాంటివి అంత ఓర్చుకోలేవు. పచ్చిక పోయిన చోట బురదను పట్టుకునే వేళ్ళుండవు. గాలికి బురద లేస్తుంది. నీరు మురికిపడుతుంది. ఎండ దిగదు. పక్కనున్న గడ్డి కూడా చనిపోతుంది. ఒక్కో రాయీ ఊడి గోడ కూలినట్టన్నమాట.

చెరువుల నుంచి వచ్చిన ఎరువు

1990ల తొలినాళ్ళలో నెల్లూరు తీరాన్ని రొయ్యల జ్వరం పట్టుకుంది. వరిమళ్ళు, బీళ్ళు చెరువులయ్యాయి. ఒకటి రెండు పంటలకే మేడలు లేచాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ మేడల్లో ఎన్నో అప్పుల్లో మునిగాయి. ఆ చెరువుల్లో మిగిలిపోయిన మేత, మందులు, మురికినీరు కాలువల వెంట దిగువకు పోయాయి.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ దీనిమీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పులో కోర్టు చిలికా, పులికాట్ సరస్సులను పేరుపెట్టి మరీ చెప్పింది. వాటికి 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని ఆదేశించింది. తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది.

మేత కలిసిన నీరు అడుగునున్న గడ్డికి ఎరువే కదా, మంచిదే కదా అనిపించవచ్చు. కాదు! ఎరువు ఎక్కువైతే ముందు లాభపడేది దారపు నాచు. అది తొందరగా పెరిగి దుప్పటిలా పరుచుకుంటుంది. దాని నీడలో గడ్డికి ఎండ అందదు. ఆ నాచు కుళ్ళినప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోతుంది. పైనుంచి చూస్తే సరస్సు పచ్చగానే ఉంటుంది. కానీ ఒక పచ్చదనం ఇంకో పచ్చదనాన్ని మింగేసి ఉంటుంది. వరిచేలో కలుపు ఏపుగా పెరిగితే రైతు సంబరపడతాడా?

చిలికా చూపిన దారి

మనకంటే ముందు ఇదే కష్టం ఒడిశాలోని చిలికాకు వచ్చింది. అక్కడా ముఖద్వారం పూడిపోయింది. అయితే అక్కడ నదుల నీరు ఎక్కువ. కాబట్టి ఉప్పు పెరగడానికి బదులు తగ్గిపోయింది. మంచినీటి కలుపు మొక్కలు సరస్సును కమ్మేశాయి. చేపలు తగ్గిపోయాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి 1993లో చిలికా పేరు ఎక్కింది.

2000 సెప్టెంబరులో అక్కడ సముద్రానికి కొత్త గుమ్మం తవ్వారు. ఉప్పునీరు లోపలికి వచ్చింది. మంచినీటి కలుపు వెనక్కి తగ్గింది. సముద్రపు గడ్డి విస్తరించింది. రొయ్యలు, చేపలు, ఎండ్రకాయల దిగుబడి బాగా పెరిగింది. 2002లో చిలికా పేరును ఆ ప్రమాద జాబితా నుంచి తీసేశారు. ఆ ఏడాదే దానికి రామ్‌సర్ అవార్డు కూడా దక్కింది.

అక్కడ ఉప్పు తగ్గింది, ఇక్కడ ఉప్పు పెరుగుతోంది. జబ్బు లక్షణాలు వేరు. కారణం మాత్రం ఒకటే, గుమ్మం మూసుకుపోవడం. చిలికాలో గుమ్మం తవ్వి ఊరుకోలేదు. పై నుంచి వచ్చే నదులను, ఒండ్రును, లోపలి కలుపును, గడ్డిని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. పులికాట్‌కు కావాల్సింది అదే. తవ్విన గుమ్మం మీదికి అలలు మళ్ళీ ఇసుక తెస్తాయి. ఎన్ని ఘనపు మీటర్ల ఇసుక తీశామన్నది బిల్లుకు పనికొస్తుంది. పని ఫలించిందా లేదా అన్నది మాత్రం అడుగున గడ్డి లేచిందా లేదా అన్నదే చెబుతుంది.

ఫ్లెమింగోలు చెప్పని నిజం

పక్షులు బోలెడు వస్తున్నాయి కదా, సరస్సు బాగున్నట్టే కదా అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఫ్లెమింగోకు లోతు అక్కర్లేదు. కాళ్ళు మునిగేంత నీరు, మెత్తటి బురద ఉంటే చాలు. ఉప్పు ఎక్కువైనా పర్వాలేదు. సరస్సు మేటవేసి పలచబడుతున్న కొద్దీ కొన్నాళ్ళపాటు దానికి మేత మేసే చోటు పెరుగుతుంది కూడా! పూర్తిగా ఎండిపోయే దాకా ఆ పక్షి మనకు ఫిర్యాదు చేయదు.

ఫిర్యాదు చేసేది గూడబాతు. నేలపట్టులో నీటికడప చెట్ల మీద గూళ్ళు కట్టుకునే ఈ పెద్ద పక్షులు పిల్లలకు మేత కోసం పులికాట్‌కు ఎగిరి వస్తాయి. వాటికి చేప కావాలి. చేపకు పచ్చిక కావాలి. నేలపట్టువాళ్ళు ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీటిని పొలాలకు పెట్టుకుని మంచి ఎరువని సంతోషిస్తారు. అంటే పులికాట్ అడుగున మొలిచిన గడ్డి ఏదో ఒక రూపంలో నేలపట్టు వరిచేలోకీ చేరుతోందన్నమాట.

పండుగప్ప పిల్లలను హేచరీలో పుట్టించడం మనకు తెలుసు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లోనే ఆ పని చేసి చూపించింది. చెరువు ఉన్నవాడు పిల్లలను కొనుక్కుని పెంచుకోగలడు. చెరువు లేనివాళ్ళకు, చేతులతో రొయ్య తడుముకునే ఆడవాళ్ళకు పులికాటే చెరువు. దాని అడుగున మొలవాల్సింది గడ్డి. దానికి తెలిసిన హేచరీ ఒక్కటే... తేట నీరు, తగినంత ఉప్పు, తెరిచి ఉన్న గుమ్మం.

వెళ్ళాలనుకుంటే...

పులికాట్ చూడటానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. చెన్నై-గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేట స్టేషన్‌లో దిగాలి. చెన్నై నుంచి లోకల్ రైళ్ళు కూడా ఉన్నాయి. రోడ్డు మీద వచ్చేవారికి 16వ నంబరు జాతీయ రహదారి దగ్గర. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ తల్లిని దర్శించుకుని, శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దాకా వెళితే రెండు వైపులా పక్షులు కనిపిస్తాయి. తడ దగ్గరి భీములవారిపాళెం నుంచి పడవలున్నాయి. ఇరకం దీవికి వెళ్ళేదీ అక్కడి నుంచే. నేలపట్టుకు పొద్దున్నే వెళ్ళడం మంచిది.

పిల్లలను పడవ ఎక్కించినప్పుడు ఒక పని చేయండి. పక్షులను చూపించాక, నీరు తేటగా ఉన్నచోట పడవ ఒక్క నిమిషం ఆపమని అడగండి. కిందికి చూడమనండి. బురద మీద పచ్చటి పోచలు నీటితోపాటు ఊగుతూ కనిపిస్తే, ఆ ఏడు కుప్పంలో పొయ్యిలు వెలుగుతాయని వాళ్ళకు చెప్పండి. ప్లాస్టిక్ కవరు, వాటర్ బాటిలు మాత్రం మీతోపాటే వెనక్కి తెచ్చేయండి. అవి పడ్డచోట ఆ పోచలకు ఎండ తగలదు.